దెయ్యం నోట ఇంటి మాట

వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు, గ్రూప్స్ పరీక్షలకు ఎలా సిద్ధం కావాలో రాస్తానని మన తమ్ముళ్లు అనుకుని ఉంటారు. ఆ పని చేయగల అన్నలు మనకు చాలామంది ఉన్నారు. నేను పి.జి.లో చదివింది సైకాలజీ. మన హాస్టళ్లలో టీవీ ముందు ఒక్కరూ కదలకుండా కూర్చునేది దెయ్యం సినిమా వచ్చినప్పుడే. అందుకని ఈ రెండింటినీ కలిపి, సినిమాల్లో దెయ్యం ఎవరిని పడుతుంది, పట్టాక ఏం మాట్లాడుతుంది అనే విషయం రాస్తున్నాను. పైకి నవ్వులాటగా కనిపించినా ఇది మన ఇళ్లకు, మన చదువులకు బాగా దగ్గరి సంగతి.

మన జిల్లాలో దెయ్యం సినిమా అనగానే ఎవరైనా ముందు చెప్పే పేరు 'అరుంధతి'. కోడి రామకృష్ణ దర్శకత్వంలో 2009 సంక్రాంతికి వచ్చింది. కథ గద్వాలలో జరిగినట్టు చెప్పారు గానీ, అందులో కనిపించే బంగళా మన బనగానపల్లె నవాబులది. 1948లో భారతదేశంలో కలిసిపోయేదాకా బనగానపల్లె ఒక చిన్న సంస్థానం. ఇప్పుడు యాగంటికి పోయేవాళ్లు ఆ బంగళా ముందు ఆగి, అరుంధతి కోట అని చెప్పుకుని ఫొటోలు దిగుతున్నారు. ఒక్క సినిమాతో నవాబులంతా మరుగున పడిపోయారు!

ఆ సినిమాలో అందరికీ గుర్తుండేవి పశుపతి అరుపులు, సమాధి, అఘోరాలు. కానీ భయం మొదలైంది ఎక్కడో ఒకసారి ఆలోచించండి. పశుపతి ఊరికి కొత్తగా వచ్చిన మాంత్రికుడు కాదు. ఆ ఇంటి అల్లుడే. వాడి దుర్మార్గం కోటలో తెలియనివాళ్లు లేరు. అయినా అల్లుడన్న మొహమాటంతో పెద్దలు ఓర్చుకున్నారు. నాట్యం నేర్పే గురువు ప్రాణం పోయి, పెద్దకూతురు కూడా ప్రాణం తీసుకున్నాక గానీ ఆ ఇంటికి నోరు రాలేదు. అప్పుడు కూడా వాణ్ణి శిక్షించమన్నది ఒక చిన్నపిల్ల. మంత్రతంత్రాలన్నీ వాడికి ఆ తర్వాత వచ్చినవే. అంటే దెయ్యానికి పునాది పడింది స్మశానంలో కాదు, భోజనాల గదిలో. ఆ బాకీ తీర్చింది మాత్రం తరాల తర్వాత అదే వంశంలో పుట్టిన మరో ఆడపిల్ల. పెద్దలు మాట్లాడకుండా వదిలేసినది పిల్లల మెడకు చుట్టుకోవడం అంటే ఇదే.

ఆళ్ళగడ్డ వాళ్లకు ఇలాంటి ఇంటి కథ కొత్తది కాదు. అహోబిలం మన పక్కనే ఉంది కదా. హిరణ్యకశిపుడి కోపం వెనుక ఉన్నది తోడబుట్టినవాడి చావు. హిరణ్యాక్షుణ్ణి చంపిన విష్ణువు పేరే కన్నకొడుకు నోట వినాల్సి వచ్చింది. పగ తండ్రిది, భక్తి కొడుకుది, మధ్యలో హింస పడింది పసివాడు. తెలుగు సినిమా మొదటిసారి మాటలు పలికింది కూడా ఈ కథతోనే. హెచ్.ఎం. రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. పిల్లవాడి మీదికి పాములను, ఏనుగును వదిలే ఘట్టాలు చూసి మనం భయపడం. చివర్లో స్వామి వస్తాడని ముందే తెలుసు. చాలా ఇళ్లలో స్తంభం పగలదు, ఆ సంగతి సినిమా చెప్పదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సినిమా మాత్రం వేరే దేశానిది. 1973 డిసెంబరులో అమెరికాలో విడుదలైన 'ది ఎగ్జార్సిస్ట్'. విలియం పీటర్ బ్లాటీ 1971 నాటి నవల ఆధారంగా విలియం ఫ్రీడ్కిన్ తీశారు. చూసినవాళ్లంతా మంచం ఊగడం గురించి, పాప తల వెనక్కి తిరగడం గురించి చెబుతారు. రీగన్ అనే పన్నెండేళ్ల పాపకు దెయ్యం పట్టింది, చర్చి ఫాదర్లు వచ్చి వదిలించారు, అంతే కథ అనుకుంటారు. నేను పి.జి.లో చేరాక రెండోసారి చూసినప్పుడు నా చూపు ఆ పాప మీద నిలవలేదు. డేమియన్ కారస్ అనే యువ ఫాదర్ మీద నిలిచింది.

కారస్ పేద ఇంటి బిడ్డ. గ్రీసు నుంచి వలస వచ్చిన తల్లి న్యూయార్కులో ఒక పాత ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. కొడుకును చర్చి చదివించింది, మానసిక వైద్యుణ్ణి చేసింది. ఫాదర్ కాబట్టి సొంత సంపాదన ఉండదు. తల్లికి జబ్బు చేస్తే ప్రభుత్వ ఆసుపత్రిలో మతి తప్పినవాళ్ల మధ్య ఉంచాల్సి వస్తుంది. నువ్వు ఈ దారి పట్టకుండా ఉంటే పెద్ద డాక్టరువై సంపాదించేవాడివి, మీ అమ్మ మంచి మేడలో ఉండేది అని దగ్గరి బంధువే దెప్పుతాడు. అంత చదివినవాడు కన్నతల్లికి ఒక మంచి మంచం ఇప్పించలేకపోయాడు. తర్వాత ఆమె ఎవరూ దగ్గర లేకుండా చనిపోతుంది. కలలో తల్లి రోడ్డుకు అటుపక్క నిలబడి పిలుస్తూ ఉంటుంది, ఇతను పరుగెత్తినా అందుకోలేడు.

ఇలాంటి మనిషి పాప మంచం దగ్గరికి వెళితే దెయ్యం ఏం చేస్తుంది? అతని తల్లి గొంతుతో మాట్లాడుతుంది. నన్నెందుకిలా చేశావని అడుగుతుంది. మంత్రాలకు, పవిత్ర జలానికి నిలబడ్డ మనిషి ఆ ఒక్క మాటకు కూలిపోతాడు. అతని మీద వాడటానికి దెయ్యానికి అంతకన్నా పదునైన కత్తి దొరకలేదు.

మన హాస్టళ్లలో చదివినవాళ్లకు ఈ సన్నివేశాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. గుడ్డు పెట్టిన రోజు పళ్లెంలో గుడ్డు చూడగానే ఇంటి దగ్గర చెల్లెలు గుర్తొస్తుంది. ఫ్యాను కింద కూర్చుని చదువుతుంటే అమ్మ శనగ చేలో ఉందని గుర్తొస్తుంది. డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజు మా ఇంట్లో అందరికంటే తక్కువ సంతోషపడింది నేనే అనిపించింది. మా వంశంలో మొదటి పట్టా అది. నా కోసం మా అక్క ఏడో తరగతిలో బడి మానేసిందని పట్టా మీద ఎక్కడా రాసి ఉండదు.

అపరాధ భావం అంటే ఇదే. తప్పు చేయకపోయినా, మనవాళ్లకు లేనిది మనకు దొరికిందన్న బరువు. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. దాన్ని గురించి మనం అసలే మాట్లాడుకోం. అది అమ్మానాన్నల మీద కోపం. మూడో తరగతిలోనో ఐదో తరగతిలోనో ఒక ట్రంకు పెట్టె, ఒక పళ్లెం ఇచ్చి ఇక్కడ వదిలి గుంటూరు వైపు మిరపకాయల పనికి వెళ్లిపోయిన వాళ్ల మీద పిల్లవాడికి కోపం రాదా? వస్తుంది. వాళ్లు మన కోసమే పోయారని కూడా ఆ పిల్లవాడికి తెలుసు. కోపం వస్తే పాపం అని గుళ్లో చెబుతారు, చర్చిలో చెబుతారు, పదో తరగతి వీడ్కోలు సభలో సార్లు కూడా చెబుతారు. అప్పుడా కోపం ఎటు పోవాలి? బయటికి పోలేనిది లోపలికే తిరుగుతుంది. నేనే చెడ్డవాణ్ణి అన్న భావంగా మారుతుంది.

మనసుకు ఇంకో దారి కూడా ఉంది. దాన్ని సైకాలజీలో డిసోసియేషన్ అంటారు. పేరు పెద్దదే గానీ అనుభవం అందరిదీ. నంద్యాలలో బస్సెక్కి ఏదో ఆలోచనలో పడితే శిరివెళ్ళ ఎప్పుడు దాటిందో తెలియదు. ఆళ్ళగడ్డ బస్టాండులో దిగేటప్పుడు ఉలిక్కిపడతాం. మనసులో ఒక భాగం బస్సులో ఉంది, ఇంకో భాగం వేరే చోట ఉంది. ఇది మామూలు స్థాయి. భరించలేని బాధ ఉన్నప్పుడు ఈ విడిపోవడం పెద్దదవుతుంది. ఒక భాగం పక్కకు తప్పుకుంటుంది, ఇంకో భాగం నోరు తెరుస్తుంది. తర్వాత అడిగితే నాకేమీ గుర్తులేదంటారు. నటన అని కొట్టకూడదు. నిజంగానే చాలామందికి గుర్తుండదు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు హాస్టల్లో నాకంటే చిన్నవాడు ఒకడుండేవాడు. దసరా సెలవులకో సంక్రాంతికో ఇంటికి పోయి తిరిగొచ్చిన రెండో రోజో మూడో రోజో రాత్రిపూట కాళ్లూ చేతులూ కొట్టుకుని అరిచేవాడు. వెనకాల వేపచెట్టు కింద ఉన్న గాలి సోకిందన్నారు. వాచ్‌మన్ తాత తాయెత్తు కట్టించాడు, వంట చేసే అక్క ఎండుమిరపకాయలు దిష్టి తీసింది. అందరం ఆ అరుపులకు భయపడ్డాం గానీ వాడు ఏమంటున్నాడో ఎవరం వినలేదు. ఒకరోజు పక్క చాప మీద ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. "నాయనా, నన్నెందుకు ఈడ ఇడిసిపెట్టి పోతివి, మీరంతా ఆడుండి నన్నొక్కణ్ణే యాల ఇడిసిపెడితిరి" అంటున్నాడు. పగలు వాడు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. వాళ్ల నాయన వస్తే సారుకు దండం పెట్టించి, బాగున్నానని చెప్పేవాడు. గాలి సోకినప్పుడల్లా కబురు పోయేది, నాయన వచ్చి మూడు రోజులు ఇంటికి తీసుకుపోయేవాడు. మూడు రోజుల కూలీ పోయిందని తిరిగొచ్చాక వాడే బాధపడేవాడు. ఆ బాధతోనే మళ్లీ మొదలు. వేపచెట్టును నరికించినా ఆ అరుపులు ఆగేవి కావు.

భూతవైద్యాన్ని దగ్గరగా చూసి రాసిన మనస్తత్వవేత్త సుధీర్ కక్కర్ మన దేశం వాడే. 2024లో చనిపోయారు. రాజస్థాన్‌లోని మెహందీపూర్ బాలాజీ ఆలయానికి దెయ్యం పట్టిందని తెచ్చేవాళ్లతో మాట్లాడి, 1982లో అచ్చయిన పుస్తకంలో ఆ విషయాలు వివరించారు. అక్కడికి వచ్చే కోడళ్లు, పెళ్లికాని ఆడపిల్లలు ఇంట్లో అనలేని మాటలను భూతం పేరు మీద అంటున్నారని ఆయన గమనించారు. మన దగ్గర కూడా అంతే కదా. రోజూ తల వంచుకుని ఉండే కోడలు పూనకం వస్తే అత్తను పేరు పెట్టి పిలిచి పసుపునీళ్లు తెమ్మంటుంది, అత్త పరుగెత్తుతుంది. జాతరలో వచ్చే పూనకమంతా జబ్బని నేను అనడం లేదు. అది ఊరి ఆచారం, పండగ అయిపోగానే ఆమె మామూలు మనిషవుతుంది. ఇల్లు వినని మాటకు అదొక్కటే దారి అయినప్పుడే చిక్కు.

కక్కర్ ఇంకొక సంగతి చెప్పారు. ఆ హిందూ కుటుంబాల వాళ్లలో చాలామందికి పట్టింది ముస్లిం భూతమట. మన మనసులోని చెడ్డ కోరిక, చెడ్డ కోపం మనది కాదు, అవతలివాళ్లది అనుకోవడం ఎంత హాయి! సినిమాల్లోనూ ఈ అలవాటుంది. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'లో ఆత్మ పేరు నాగవల్లి, ఆమె తంజావూరు నుంచి వచ్చిన తమిళ నర్తకి. అదే కథ 2005లో తమిళంలో 'చంద్రముఖి' అయితే ఆ నర్తకి తెలుగు మనిషి అయింది. 'రా రా' అని తమిళ సినిమాలో తెలుగులో పాడింది. ఎవరి ఇంట్లో దెయ్యమైనా పొరుగు భాషే మాట్లాడుతుందన్నమాట.

రజనీకాంత్ 'చంద్రముఖి' తెలుగులో చూడనివాళ్లు మనలో ఉండరు. కానీ వీలైతే ఆ మలయాళం సినిమా చూడండి. శోభనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా అది. అందులో గంగ అనే అమ్మాయికి జబ్బు ఎక్కడ మొదలైందో స్పష్టంగా చెబుతారు. చిన్నప్పుడు తల్లిదండ్రులు ఆమెను ఊళ్లో ముసలావిడ దగ్గర వదిలి కలకత్తాలో ఉంటారు. ఆమె ఆ ఊరికి, ఆ కథలకు అలవాటు పడిపోయాక, సరిగ్గా పరీక్షల రోజున వచ్చి తీసుకుపోతామంటారు. వదిలిపోయినప్పుడు అడగలేదు, తీసుకుపోయేటప్పుడూ అడగలేదు. మొదటిసారి ఆమె మనసు చెదిరింది ఆ రోజే. పెద్ద భవనం, తాళం వేసిన గది, నర్తకి కథ అన్నీ ఆ పాత గాయానికి తర్వాత దొరికిన బట్టలు. హాస్టల్ పిల్లల కథకు ఇంత దగ్గరగా వచ్చిన దెయ్యం సినిమా నేను ఇంకొకటి చూడలేదు.

చివర్లో డాక్టరు మంత్రవేత్తను వెళ్లగొట్టడు. ఆయనతో కలిసి పూజ ఏర్పాటు చేస్తాడు, పగ తీర్చుకున్నట్టు నాగవల్లికి అనిపించేలా ఒక బొమ్మను ఎదురుగా పెడతాడు. రోగి నమ్మకాన్ని ఎగతాళి చేయకుండానే వైద్యం నడుస్తుంది. ఇది చూడ్డానికి బాగుంటుంది గానీ నిజ జీవితంలో ఒక్క రాత్రి నాటకంతో ఎవరికీ నయం కాదు. నెలల తరబడి కూర్చుని మాట్లాడాలి. అవసరమైతే మందులు వాడాలి. అంతకన్నా నాకు లోటుగా అనిపించింది మరొకటి. గంగ తల్లిదండ్రులు వచ్చి ఆమె ముందు కూర్చుని ఒక్క మాట మాట్లాడరు. దెయ్యాన్ని పంపేశారు, అడగాల్సిన ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

ఇక దేవుడి భయం గురించి. మన కాలనీల్లో ఆదివారం చర్చి ఉంటుంది, మంగళవారం సుంకులమ్మ ఉంటుంది, పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ అందరం ఉంటాం. ఇది మన ఊళ్ల అందం. కానీ పిల్లవాడికి మాత్రం ఇన్ని వైపుల నుంచీ భయం కూడా వస్తుంది. మార్కులు తగ్గితే మొక్కు మరిచిపోయినందుకని ఒకరు, ప్రార్థన మానేసినందుకని ఒకరు చెబుతారు. తండ్రి తాగుడికి కూడా పిల్లల పాపమే కారణమన్న మాట నేను విన్నాను. దీని ఫలితం ఒకటి చెబుతాను, ఇది చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయే విషయం. ప్రార్థన చేసేటప్పుడు, దండం పెట్టేటప్పుడు మనసులో ఒక బూతుమాట దూరుతుంది. వద్దనుకున్నకొద్దీ మళ్లీ వస్తుంది. నరకానికి పోతానని, సైతాను పట్టాడని భయపడి వందసార్లు క్షమించమని వేడుకుంటారు, రాత్రిళ్లు నిద్రపోరు. ఇది పాపం కాదు. ఇష్టంలేని ఆలోచన బలవంతంగా రావడం. ఏ ఆలోచన రాకూడదని గట్టిగా పట్టుబడతామో అదే వస్తుంది. అది రోజంతా వేధిస్తుంటే దానికి ఓ.సి.డి. అని పేరుంది, వైద్యం ఉంది.

ఆళ్ళగడ్డలో పెరిగినవాళ్లకు ఒక అదృష్టం ఉంది. మన శిల్పుల దగ్గర విగ్రహం పూర్తికాకముందు ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూశాం. బడి నుంచి వస్తూ ముక్కు లేని అమ్మవారి పక్కనే కూర్చుని బొరుగులు తిన్నాం. ఆమె ఒక్కనాడూ కోప్పడలేదు.

భయం ఊరంతటికీ ఎక్కితే ఏమవుతుందో 2023లో వచ్చిన 'విరూపాక్ష' కొంతవరకు చూపించింది. క్షుద్రపూజలు చేస్తున్నారని అనుమానించి ఊరివాళ్లు భార్యాభర్తలను తగలబెడతారు, పన్నెండేళ్ల తర్వాత ఊళ్లో వరుస చావులు మొదలవుతాయి. ఊరి పాపం ఊరిని వెంటాడిందన్న ఆలోచన బాగుంది. కానీ చివరికి క్షుద్రవిద్య నిజమేనని చూపించి సినిమా ఆ ఊరిని తేలిగ్గా వదిలేసిందని నా అభిప్రాయం. చేతబడి చేశారని మన రాష్ట్రాల్లో చంపబడినవాళ్ల దగ్గర ఏ విద్యా లేదు.

సినిమా కాని సంగతి ఒకటి. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఎర్వాడి దర్గా దగ్గరికి గాలి వదిలించుకోవడానికి మనవాళ్లూ పొయ్యేవాళ్లు. అక్కడ రోగులను ఉంచుకునే ఒక ప్రైవేటు షెడ్డులో 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. 28 మంది చనిపోయారు. వాళ్లు పారిపోలేకపోయారు, కాళ్లకు గొలుసులున్నాయి. వాళ్లను అక్కడ వదిలింది శత్రువులు కాదు, నయమవుతుందని నమ్మిన ఇంటివాళ్లే. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. ఎక్కడైనా అలా కట్టేసి ఉంచితే అది నేరమని మన ఊళ్లలో చెప్పాల్సినవాళ్లం మనమే, ఎందుకంటే ఆ చట్టం చదవగలిగినవాళ్లం ఇంటికి ఒక్కరమే ఉన్నాం.

గుడికి పోవద్దని, దర్గాకు పోవద్దని, చర్చిలో ప్రార్థన చేయించవద్దని నేను చెప్పడం లేదు. మా అమ్మ వినదు కూడా. పోయిరండి, దాంతోపాటు డాక్టరుకూ చూపించండి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది కాబట్టి ముందు అక్కడి ఆసుపత్రిలో అడిగి చూడవచ్చు. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అనే ఉచిత ఫోన్ సేవ ఉంది. నంబరు 14416. రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినా, పక్కవాడికి వచ్చిందని తెలిసినా ఆలస్యం చేయకుండా దానికి ఫోన్ చేయండి. హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండదు కాబట్టి, కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఈ నంబరు చెప్పి, మెనూ రాసే బోర్డు పక్కన పెద్ద అక్షరాలతో రాయించి, అడిగినవాళ్లకు ఎందుకని అడగకుండా ఆఫీసు ఫోన్ ఇవ్వాలని వార్డెన్ సార్లను, మేడమ్‌లను కోరుతున్నాను.